బైక్ వెనక ట్రైలర్ కట్టడం: ఊగుడు, బోల్తా, బ్రేకు లెక్కలతో ప్రాజెక్టు డైరీ

పెట్టుకున్న హద్దులు

విశాఖపట్నం దగ్గర ఆనందపురం దాటాక మా పెదనాన్నగారి కొబ్బరితోట ఉంది. కాయల బస్తాలు, ఎరువు, నీళ్ల డబ్బాలు గేటు నుంచి లోపలి షెడ్డుకి చేరాలి. మధ్యలో ఆటో పట్టని దారి. కొంత ఎర్రమట్టి, కొంత పక్కనున్న లేఅవుట్‌లో ఇళ్లు ఇంకా లేవని యజమాని వాడుకోమన్న సిమెంటు రోడ్డు. ఉన్నది ఒక 150 సీసీ బైక్. పెట్రోలుతో సహా దాని బరువు 145 కిలోలు, ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసుకి 1320 మి.మీ.

ముందుగా చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(46) ట్రైలర్‌ని విడిగా నిర్వచించింది. సెక్షన్ 39 ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనం రోడ్డెక్కకూడదు. ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52 చెబుతుంది. అందుకే ఈ ట్రైలర్ తోట, లేఅవుట్ గేటు దాటి హైవే మీదకి రాలేదు, రాదు. దీన్ని చూసి కట్టేవాళ్లు కూడా రవాణా శాఖ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోకుండా మధురవాడ నుంచి బీచ్ రోడ్డుకి దీన్ని లాక్కెళ్లొద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా అక్కరకి రాకపోవచ్చు.

కొలతలకి ఆధారంగా బ్రిటన్ నిబంధన తీసుకున్నాను. అక్కడ బైక్ వెనక ట్రైలర్ వెడల్పు మీటరు మించకూడదు. బైక్ వెనక ఇరుసు నుంచి ట్రైలర్ తోక వరకూ రెండున్నర మీటర్ల లోపు ఉండాలి. సరుకుతో సహా బరువు 150 కిలోలు, లేదా బైక్ బరువులో మూడింట రెండు వంతులు, ఏది తక్కువైతే అది. నా బండికి ఆ లెక్కన 96 కిలోలు వస్తుంది. మట్టిదారి, బ్రేకు లేని ట్రైలర్ కాబట్టి బైక్ బరువులో సగం లోపే ఉండాలని 65 కిలోలు ఖాయం చేశాను. ఇది సరుకు ఒక్కదాని బరువు కాదు, ట్రైలర్‌తో కలిపి.

చక్రాలు, ఫ్రేమ్

పాత గేర్ల స్కూటర్ల ముందు హబ్బులు రెండు, 3.50-10 టైర్లతో పాత ఇనుము కొట్లో దొరికాయి. ఈ చక్రం ఒక పక్క నుంచే హబ్బుకి బోల్టు అవుతుంది, కాబట్టి ట్రైలర్‌కి బాగా కుదురుతుంది. పంక్చర్ పడితే నట్లు విప్పి చక్రం ఊడదీయొచ్చు. లోపల బ్రేక్ డ్రమ్ము కూడా ఉంటుంది. దాని పని చివర్లో రాస్తాను.

పెట్టె కొలత 900 × 600 మి.మీ. పెట్టెకి 25 × 25 మి.మీ. చదరపు పైపు, 1.6 మి.మీ. మందం. నొగకి (ట్రైలర్‌ని బైక్‌కి కలిపే పొడవు దూలం), ఇరుసు దూలానికి 40 × 40, 2 మి.మీ. మందం. నొగకి ఇంతకన్నా సన్నం వాడొద్దు. బరువంతా పెట్టెలో ఉన్నా వంచే ఒత్తిడి నొగ మొదట్లోనే పడుతుంది.

వెల్డింగ్ గాజువాక ఆటోనగర్‌లో చేయించాను. అతుకు వేడికి పైపు లాగేస్తుంది. ఒక వైపంతా ఒకేసారి వెల్డ్ చేసేసరికి ఇరుసు దూలం వంకర పోయింది. నొగ చివరి పిన్ను నుంచి ఎడమ హబ్బుకి, కుడి హబ్బుకి టేపు పెడితే 11 మి.మీ. తేడా. అలా వదిలేస్తే ట్రైలర్ ఎప్పుడూ బైక్‌కి ఒక పక్కగా నడుస్తుంది, టైరు అంచు అరిగిపోతుంది. కోసి మళ్లీ చేసిన పద్ధతి ఇది:

1. అన్ని మూలలూ ముందు వెల్డింగ్ చుక్కలు పెట్టి మాత్రమే నిలపాలి.
2. పిన్ను నుంచి రెండు హబ్బులకీ దూరం కొలవాలి. 2 మి.మీ. తేడా వరకూ ఫరవాలేదు.
3. రెండు టైర్ల మధ్య దూరం ముందు వైపు, వెనక వైపు ఇరుసు ఎత్తులోనే కొలవాలి. రెండూ సమానంగా ఉండాలి, లేదా ముందు 1, 2 మి.మీ. తక్కువ ఉండాలి.
4. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. ఒక అంగుళం ఎడమ, ఒక అంగుళం కుడి, మధ్యలో చల్లారనివ్వాలి.

గాల్వనైజ్డ్ పైపు చవగ్గా దొరికినా తీసుకోలేదు. జింకు పూతని గీకకుండా వెల్డ్ చేస్తే వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు.

ఇప్పటిదాకా ఖర్చు: ఇనుము 1,250 + చక్రాలు, హబ్బులు, ట్యూబులు 2,600 + వెల్డింగ్ 1,500 = 5,350 రూపాయలు.

జాయింట్: మూడు రకాల తిరుగుడు

ఎక్కువ ఆలోచన పోయింది ఇక్కడే. కారు వెనక ట్రైలర్‌కీ బైక్ వెనక ట్రైలర్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. మలుపులో కారు ఒరగదు, బైక్ ఒరుగుతుంది. రెండు చక్రాల ట్రైలర్ మాత్రం నేలకి సమంగానే నిలబడి ఉంటుంది. అంటే జాయింట్ మూడు రకాలుగా తిరగాలి: పక్కలకి, పైకీ కిందకీ, పైగా నొగ చుట్టూ మెలిక. మూడోది లేకపోతే బైక్ ఒరగడానికి చేసే ప్రయత్నాన్ని ట్రైలర్ అడ్డుకుంటుంది.

మొదటి జాయింట్ ట్రాక్టరు తొట్టికి ఉండే తరహాదే. రెండు పలకల మధ్య నొగ కన్నం, పైనుంచి పిన్ను. తిన్నగా పోతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. మలుపులో బైక్ ఒరగగానే పిన్ను కన్నంలో అడ్డంగా బిగుసుకుంటుంది, హ్యాండిల్ దగ్గర ఎవరో నిలబెట్టి పట్టుకున్నట్టు తెలుస్తుంది. కొన్ని మలుపుల తర్వాత, జాయింట్‌ని బైక్‌కి బిగించే బ్రాకెట్ వెల్డింగ్ అంచున వెంట్రుక మందం పగులు వచ్చింది. బ్రాకెట్ లావు పెంచుదామని తీసుకెళ్తే వెల్డింగ్ మేస్త్రి చూసి, "బాబూ, ఇనుము లావుగా ఏస్తే సరిపోద్దనుకోకండి. తిరగాల్సిన చోట తిరగనివ్వాల, లేకపోతే ఇది కాకపోతే ఇంకోటి ఇరుగుద్ది" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. పలక మందం పెంచి ఉంటే తర్వాతి పగులు బైక్ ఫ్రేముకే వచ్చేది.

రెండో జాయింట్‌కి పాత వ్యాను ప్రొపెల్లర్ షాఫ్ట్ నుంచి యూజే క్రాస్ (ఏ పక్కకైనా వంగే యూనివర్సల్ జాయింట్ మధ్యలోని ప్లస్ ఆకారపు ముక్క) తీసి, దాని వెనక మెలిక కోసం తిరిగే గొట్టం పెట్టాం. మలుపుల్లో చాలా హాయిగా నడిచింది. కానీ యూజే కోణానికి హద్దుంది. నా దగ్గరున్నదానికి 28 డిగ్రీల దగ్గర యోకులు (క్రాస్‌ని రెండు పక్కలా పట్టుకునే చెవుల ముక్కలు) ఒకదానికొకటి తగిలాయి. తోట చివర బండి వెనక్కి తిప్పాలంటే 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నొగ సమ్మెటలా పనిచేసి యోకు చెవిని వంచేసింది. యూజే పెట్టాలనుకునే వాళ్లు బైక్‌ని చేత్తో తోస్తూ పూర్తిగా తిప్పి చూడండి, నడిపి కాదు.

మూడోది లేత్ మీద చేయించింది. ఇదే నిలిచింది. బైక్ వైపు నుంచి వరుసగా:

1. నిలువు పిన్ను, 16 మి.మీ., గన్‌మెటల్ బుష్‌లో. రెండు పక్కలకీ 85 డిగ్రీలు తిరుగుతుంది.
2. అడ్డ బోల్టు, 12 మి.మీ., 8.8 గ్రేడు (గట్టి రకం), నైలాక్ నట్టుతో (అదుర్లకి వదులు కానిది). గుంతలు, గట్ల కోసం.
3. నొగ లోపల 25 మి.మీ. షాఫ్టు, రెండు చివర్లా గన్‌మెటల్ బుష్‌లు, వెనక క్యాజిల్ నట్టు, స్ప్లిట్ పిన్ను. ఇది గుండ్రంగా పూర్తిగా తిరుగుతుంది. బైక్ పక్కకి పడిపోయినా ట్రైలర్ దానితో పాటు బోల్తా పడదు.
4. మూడు చోట్లా గ్రీజు నిపుల్.

లూజు ఎంత ఉందో ఫీలర్ గేజ్‌తో చూశాను. నిలువు పిన్ను దగ్గర 0.2 మి.మీ. ఈ లూజు పెరిగితే గేరు మార్చినప్పుడల్లా వెనకనుంచి కొట్టినట్టు ఉంటుంది, చిన్న ఊగుడు అక్కడే మొదలవుతుంది. సగం మి.మీ. దాటితే బుష్ మార్చాలని నియమం పెట్టుకున్నాను.

ఖర్చు: ఇదివరకటి 5,350 + మొదటి జాయింట్ 600 + యూజే 900 + లేత్ పని 1,700 = 8,550 రూపాయలు.

బ్రాకెట్ ఎక్కడ ఉండాలి

మొదటి బ్రాకెట్ వెనక గ్రాబ్ రెయిల్ బోల్టులకి వేలాడేది. పిన్ను బైక్ వెనక ఇరుసుకి 620 మి.మీ. వెనక ఉండేది. నొగ చివర 10 కిలోలు పడితే ముందు చక్రం మీద తగ్గేది 10 × 620 ÷ 1320, అంటే 4.7 కిలోలు. హ్యాండిల్ తేలికైపోవడం చేతికి తెలుస్తుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. పైగా సీటు కింద ఉండే వెనక ఫ్రేము పైపులు మనిషి బరువు మోయడానికి చేసినవే, లాగడానికి, మెలికకి కాదు.

రెండో బ్రాకెట్‌కి రెండు పొడవు చేతులు. పిలియన్ ఫుట్‌రెస్ట్ హ్యాంగర్ల దగ్గర ఫ్రేముకి బిగించి, షాక్ అబ్జార్బర్ పై బోల్టుల నుంచి వాలు బద్దలు దింపాం. పక్కనుంచి చూస్తే త్రికోణం. పిన్ను ఇప్పుడు ఇరుసుకి 400 మి.మీ. వెనక, నేలకి 330 మి.మీ. ఎత్తులో ఉంది. టైరు సగం వ్యాసం 306 మి.మీ. కాబట్టి మధ్యలో 94 మి.మీ. ఖాళీ. ఇప్పుడు అదే 10 కిలోలకి ముందు చక్రం మీద తగ్గేది 3 కిలోలే. మనిషి కూర్చున్నప్పుడు నొగ నేలకి సమాంతరంగా ఉండాలి, ఖాళీ బైక్ స్టాండు మీద ఉన్నప్పుడు కాదు. ఎత్తు కొలిచేటప్పుడు మా బావని సీటు మీద కూర్చోబెట్టాను.

ఊగుడు

సిమెంటు రోడ్డు మీద ఖాళీగా 40 కి.మీ. వేగం వరకూ వెళ్లి హ్యాండిల్‌ని ఒక్కసారి చిన్నగా కదిపి వదిలేయడం, వెనక బావ మరో బండి మీద ఫోన్‌లో వీడియో తీయడం. పరీక్ష ఇంతే. వీడియో నెమ్మదిగా తిప్పితే ఎన్ని ఊపులకి సర్దుకుంటుందో తెలుస్తుంది.

మొదటి ఫ్రేములో ఇరుసు పెట్టెకి సరిగ్గా మధ్యన ఉంది. పిన్ను నుంచి ఇరుసుకి 1100 మి.మీ. రెండు కాయల బస్తాలు పెట్టె వెనక తలుపు దగ్గరే పెట్టి, నొగ బరువు 2 కిలోలకి దిగిన స్థితిలో, 32 కి.మీ. దగ్గర ట్రైలర్ ఊగడం మొదలై ఆగలేదు. ప్రతి ఊపూ అంతకుముందు దానికన్నా కొంచెం పెద్దది. బైక్ తోకని అటూ ఇటూ లాగుతుంటే హ్యాండిల్‌తో సర్దబోతే ఇంకా పెరిగింది. థ్రాటిల్ మెల్లిగా వదిలి, హ్యాండిల్ గట్టిగా కాక నిలకడగా పట్టుకుని, వేగం దానంతట అది 20కి పడిపోయేదాకా ఉంటే సర్దుకుంది. ఆ సమయంలో ముందు బ్రేకు పట్టకూడదు, వేగం పెంచి తప్పించుకుందామని చూడకూడదు.

కారణం లెక్కలో స్పష్టంగా ఉంది. ట్రైలర్ మొత్తం బరువు ఇరుసుకి ముందు కేంద్రీకృతమైతే పక్కకి జరిగిన పెట్టె మళ్లీ తనే వరసలోకి వస్తుంది. ఇరుసు మీదకో వెనక్కో పోతే ఆ గుణం పోతుంది. ఎడ్లబండి తోలేవాళ్లు కాడి మీద కొంచెం బరువు పడేలా బస్తాలు సర్దినట్టే ఇక్కడా నొగ మీద కొంత బరువు తప్పనిసరి. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం. 65 కిలోలకి 6.5 నుంచి 9.75 కిలోలు. నేను 8 దగ్గర ఉంచుతున్నాను.

మార్చినవి:

1. ఇరుసుని 50 మి.మీ. వెనక్కి జరిపాం. పెట్టె తోక నుంచి 400, తల నుంచి 500.
2. నొగ పొడవు పెంచాం. పిన్ను నుంచి ఇరుసుకి 1500 మి.మీ. నొగ పొడవైతే ఊగుడు నెమ్మదిస్తుంది. దారి మలుపుల్లో లోపలికి కోసుకుపోవడం కొంచెం ఎక్కువవుతుంది, అది ఒప్పుకోవాల్సిందే.
3. పెట్టె మధ్యలో ప్లైవుడ్ అడ్డపలక. బస్తా వెనక్కి జారకుండా.

మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అన్నింటికన్నా ముఖ్యమైనది అదే. 30 కిలోల సరుకు 10 సెం.మీ. వెనక్కి జారితే నొగ బరువు 2 కిలోలు తగ్గుతుంది (30 × 100 ÷ 1500). 40 సెం.మీ. జారితే 8 కిలోలూ పోయినట్టే. ఎత్తెక్కేటప్పుడు కట్టని బస్తా జారేది వెనక్కే. బాగా సర్దుకుని బయల్దేరిన బండి గట్టు ఎక్కి దిగేసరికి వేరే బండి అయిపోతుంది. సగం నిండిన నీళ్ల డబ్బా కూడా అంతే, నీళ్లు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూ బరువుని మారుస్తుంటాయి. డబ్బా నింపితే పూర్తిగా నింపాలి, లేకపోతే ఖాళీగా పెట్టాలి.

ఇప్పటి కొలతలు, లగేజీ వేలాడదీసే డిజిటల్ తూకంతో పిన్ను ఎత్తులోనే పట్టుకుని చూసినవి: ఖాళీ ట్రైలర్ నొగ బరువు 4.8 కిలోలు. 30 కిలోలు పెట్టె అంతా సమంగా పరిస్తే 5.8, తక్కువ. సరుకు మధ్యభాగం ఇరుసుకి 15 సెం.మీ. ముందు ఉండేలా సర్దితే 7.8. ఆ స్థితిలో 40 కి.మీ. దగ్గర హ్యాండిల్ కదిపితే రెండో ఊపుకే సర్దుకుంటోంది. అయినా ఇలాంటి పరీక్షలప్పుడు తప్ప సరుకుతో 25 దాటడం లేదు.

బరువు, ఒక్కోటీ కలుపుకుంటూ పోతే: పెట్టె 5.2, నొగతో 8.6, ఇరుసు దూలంతో 11.8, చక్రాలతో 25.4, ప్లైవుడ్‌తో 31.0, జాయింట్‌తో 33.4, గొలుసులు లైట్లతో 34.8 కిలోలు.

బోల్తా

మొదటి ఫ్రేములో చక్రాలు పెట్టె కిందే ఉండేవి. టైర్ల మధ్య 560 మి.మీ., సరుకుతో బరువు కేంద్రం నేలకి దాదాపు 600 ఎత్తులో. సగం వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 280 ÷ 600 = 0.47. ఈ అంకె ఎంత చిన్నదైతే బోల్తా అంత తేలిక. బైక్ 25 డిగ్రీలు ఒరిగే మలుపులో ట్రైలర్ లోపలి చక్రం నేల వదిలేస్తుందని దీని అర్థం. నడిపేవాడికి ఆ మలుపు మామూలుగానే అనిపిస్తుంది, వెనక ఏం జరుగుతుందో తెలియదు. ఒక చక్రం రాయి ఎక్కితే అంతకన్నా ముందే పడుతుంది. మట్టిదారి చక్రాల జాడల్లో ఎరువు బస్తాతో నిజంగానే ఒరిగి పడింది, నడక వేగంలో.

చక్రాలని పెట్టె బయటికి తెచ్చి, పెట్టెని రెండు చక్రాల మధ్యకి దించాం. ఇప్పుడు టైర్ల మధ్య 800, బరువు కేంద్రం ఎత్తు 420. 400 ÷ 420 = 0.95. మొత్తం వెడల్పు 890 మి.మీ., బ్రిటన్ మీటరు హద్దు లోపలే. బైక్ ఇరుసు నుంచి తోకకి 400 + 1500 + 400 = 2300, అదీ లోపలే.

టైర్లలో 30 పీఎస్ఐ ఉన్నప్పుడు ఖాళీ ట్రైలర్ ప్రతి గతుకుకీ బంతిలా ఎగిరేది. స్ప్రింగులు లేవు కదా. 18కి తగ్గించాక చాలావరకు పోయింది. ఈ తేలికపాటి బరువుకి అది సరిపోతుంది.

ఖర్చు: 8,550 + ఇరుసు, నొగ మార్పులు 1,400 = 9,950 రూపాయలు.

బ్రేకు దూరం

30 కి.మీ. దగ్గర, ఆరిన సిమెంటు మీద, సుద్దగీత దగ్గర బ్రేకు పట్టి టేపుతో కొలిచాను. బైక్ ఒక్కటే 7 మీటర్లు. 65 కిలోల ట్రైలర్‌తో 9.5 మీటర్లు. లెక్క కూడా దగ్గరగానే చెబుతుంది: బైక్, మనిషి కలిపి 215 కిలోలు ఆపే బ్రేకే 280 కిలోలు ఆపాలి. వానాకాలం ఎర్రమట్టిలో ఎంత అవుతుందో కొలవలేదు, అక్కడ నడక వేగమే.

పదికి ఒకటి వాలులో దిగేటప్పుడు ట్రైలర్ వెనకనుంచి 6.5 కిలోల బలంతో తోస్తూనే ఉంటుంది. బండి తిన్నగా ఉంటే ఫరవాలేదు. మలుపులో బ్రేకు పడితే ఆ తోపు బైక్ తోకని పక్కకి నెడుతుంది, బైక్, ట్రైలర్ మడతపడతాయి. అందుకని వాలు మొదట్లోనే రెండో గేరులోకి దించి, తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టుకోకుండా దిగాలి. మన కొండల ఊళ్లో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

గొలుసులు, లైట్లు, తుప్పు

నొగ కింద రెండు గొలుసులు కత్తెరలా దాటించి బ్రాకెట్ ఫ్రేముకి కట్టాలి, జాయింట్‌కి కాదు. పిన్ను ఊడితే నొగ నేలకి గుచ్చుకోకుండా ఆ అల్లిక మీద వాలుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు బిగుసుకోకూడదు, తిన్నగా ఉన్నప్పుడు నేలకి రాసుకోకూడదు.

లైట్లు ట్రైలర్ ఫ్రేము ద్వారా ఎర్త్ తీసుకునేలా కలిపితే మిణుకుమిణుకుమన్నాయి. గ్రీజు పూసిన జాయింట్ గుండా కరెంటు నమ్మకంగా పోదు. ఎర్త్‌కి విడిగా వైరు లాగాక సరిపోయింది. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు రెండూ చివరంచున ఉండాలి, వెడల్పు ఎంతో వెనకవాళ్లకి తెలిసేలా.

సముద్రపు గాలికి ఇక్కడ వెల్డింగ్ అతుకులే ముందు తుప్పు పడతాయి. జింక్ ప్రైమర్, పైన ఎనామెల్ రెండు పూతలు. పైపు చివర్లు మూసి, కింద 4 మి.మీ. కన్నాలు పెట్టాం, లోపల చేరిన చెమ్మ కారిపోవడానికి.

ఖర్చు: 9,950 + గొలుసులు, పిన్నులు, బోల్టులు 650 + లైట్లు 780 + ప్రైమర్, పెయింట్ 690 = 12,070 రూపాయలు.

బయల్దేరే ముందు చూసేవి

1. నొగ బరువు తూకం, ప్రతి లోడుకీ.
2. అడ్డపలక, తాళ్లు.
3. నిలువు పిన్ను ఆర్ క్లిప్, వెనక స్ప్లిట్ పిన్ను.
4. బ్రాకెట్ వెల్డింగ్ అంచులు. పెయింట్ మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టే.
5. టైర్లలో గాలి, చక్రాల నట్లు.
6. లైట్లు.

మిగిలిన పని

హబ్బుల్లో బ్రేక్ షూలు ఇంకా బాగానే ఉన్నాయి. నొగలో జారే గొట్టం ఒకటి పెట్టి, ట్రైలర్ ముందుకి తోసినప్పుడు ఆ గొట్టం లోపలికి జరిగి లివరుతో రెండు కేబుళ్లనీ లాగేలా చేయాలి. గొట్టం 40 మి.మీ. జరిగితే చాలు. రెండు కేబుళ్లూ సమంగా లాగడానికి మధ్యలో ఊగే చిన్న బద్ద కావాలి, లేకపోతే ఒక చక్రమే పట్టి ట్రైలర్ పక్కకి లాగుతుంది. చేత్తో వెనక్కి తోసేటప్పుడు బ్రేకు పడకుండా ఆపే పిన్ను కూడా ఉండాలి. లేత్ మేస్త్రికి బొమ్మ గీసి ఇచ్చాను. అది బిగించాక అదే సుద్దగీత దగ్గర మళ్లీ కొలిచి, ఆ దూరాలు ఇక్కడ రాస్తాను. అంతవరకూ 65 కిలోల హద్దు మారదు.